పడ్డ మాను మీద పచ్చదనం

నా పేరు ఆకుల వీరభద్రం. ఇంటిపేరు చూసే నాకు అటవీశాఖలో ఉద్యోగమిచ్చి ఉంటారని మా మామగారు పెళ్లిచూపుల రోజునే అన్నారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన మాట తప్పని నిరూపించే పని నేనొక్కటీ చేయలేదు.

నేను తాటిగొంది రేంజి ఆఫీసరుగా చేరిన ఏడాదే పెద్ద తుఫాను వచ్చింది. ఘాట్ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న మద్దులు, పాత మామిళ్లు వేళ్లతో సహా లేచి లోయలోకి ఒరిగిపోయాయి. అడవిలో పడిన చెట్టు అడవిలోనే కుళ్లాలి, దాన్ని ఎవరూ కదిలించకూడదని మా శాఖలో ఒక నియమం ఉంది. మంచి నియమమే. కాకపోతే సరిగ్గా అప్పుడే హెడ్డాఫీసుకి పచ్చదనం పూనింది. ‘మానుకు నూరు’ అని ఒక పథకం పెట్టారు. ఒక చెట్టు కూలిన చోట వానాకాలం వెళ్లేలోగా నూరు మొక్కలు ప్రాణంతో కనిపించాలి. కనిపించకపోతే సంబంధిత రేంజి ఆఫీసరు కనిపించడు.

నర్సరీ నుంచి మొక్కలు లారీల్లో వచ్చాయి. కొండెక్కేసరికే సగం వాడిపోయాయి. మిగిలినవి నాటాం. నాటిన రోజు ఫొటోలు చాలా బాగా వచ్చాయి. ఆ తర్వాత కణుజు జింకలు వచ్చాయి, అడవిపందులు వచ్చాయి, చెదలు వచ్చాయి. రానిది నేనొక్కడినే.

వానలు వెనకబట్టే సమయానికి కన్జర్వేటరు గారు తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది. ఆయన పేరు డాక్టర్ సోమయాజుల పినాకపాణి. మనిషి మంచివాడే గాని నోరు తెరిస్తే జీవో చదువుతున్నట్టు ఉంటుంది. ఒకసారి మా గెస్ట్‌హౌస్‌లో భోజనానికి కూర్చుని, ‘‘చారు ఇంకనూ పంపిణీ కాబడలేదు’’ అన్నారు. వడ్డించేవాడు భయపడి చారు గిన్నె వదిలేసి వెళ్లిపోయాడు.

తనిఖీ నాడు నేనూ, మా ఫారెస్టు గార్డు దానయ్యా ఆయన్ని కొండ మీదకి తీసుకెళ్లాం. దారిపొడుగునా కూలిన మానులు పడుకుని ఉన్నాయి. మొక్క అన్నది లేదు. అయితే ఆ మానుల మీద మాత్రం ఎక్కడ చూసినా పుట్టగొడుగులు. తెల్లవి, గోధుమరంగువి, చెవుల్లాగా చుట్టుకున్నవి, దొంతరలుగా పేర్చినట్టున్నవి. బెరడు కనపడకుండా కమ్మేసి ఉన్నాయి.

కన్జర్వేటరు గారు ఆగారు. ‘‘వీరభద్రం గారూ, పథకము క్రింద నాటబడిన మొక్కలు ఎచ్చట ఉన్నవి?’’

లోయ వైపు చూపిస్తే దిగి చూడమనరులే అని నా ఆలోచన. చెయ్యెత్తాను. భయానికి చెయ్యి లోయ దాకా వెళ్లలేదు. మధ్యలో పడి ఉన్న మద్దిమాను దగ్గరే ఆగిపోయింది. నోరు చెయ్యి వెనకాలే వెళ్లింది.

‘‘అవే సార్.’’

ఆయన కళ్లజోడు సర్దుకుని మాను దగ్గరికి వెళ్లి వంగి చూశారు. నేను సస్పెన్షన్‌లో ఇచ్చే సగం జీతంతో ఇల్లెలా గడపాలో ఆలోచించుకుంటున్నాను. ఆయన నిటారుగా లేచి, ‘‘పథకము యొక్క నిర్వచనము చదవండి’’ అన్నారు.

సంచీలోంచి సర్క్యులర్ తీసి చదివాను. ‘‘మొక్క అనగా నేల నుండి గాని, నేలపై గల ఏదేని ఆధారము నుండి గాని స్వయముగా పైకి లేచి, కాండమును, ఆపై పందిరిని కలిగియుండు జీవి.’’

‘‘కాండము కలదా?’’

‘‘ఉంది సార్.’’

‘‘పందిరి?’’

‘‘ఉంది సార్. అసలు పందిరే ఎక్కువ.’’

‘‘జీవి అనుటకు సాక్ష్యము?’’

దానయ్య అందుకున్నాడు. ‘‘జీవేనండి. మొన్న లేదు, ఇయ్యాల ఉంది.’’

కన్జర్వేటరు గారి మొహంలో అప్పుడు నాకు కనిపించింది తెలివితక్కువతనం కాదు. ఆఖరి బస్సు వెళ్లిపోయిందనుకున్నవాడికి ఆ బస్సు మలుపు తిరుగుతూ కనిపిస్తే మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. ఆయన కింద ఉన్న రేంజిలన్నింటిలోనూ కణుజులున్నాయి, చెదలున్నాయి, నాలాంటి ఆఫీసర్లూ ఉన్నారు.

‘‘దీనిని సహజ ఛత్ర వనీకరణము అని వ్యవహరించవలెను’’ అన్నారాయన. ‘‘పదము నోట్ చేసుకొనండి.’’

నోట్ చేసుకున్నాను. లెక్క వేయించాం. మానుకు నూరు అడిగితే మా దగ్గర వేలల్లో ఉన్నాయి. తాటిగొంది రేంజి రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. నాకు శాలువా కప్పారు. వేదిక మీద ఒక పెద్దమనిషి నన్ను ‘మట్టిలో పుట్టిన మాణిక్యం’ అన్నాడు. పక్కనున్నాయన చెవిలో ఏదో చెప్తే ‘మానులో పుట్టిన’ అని సవరించుకున్నాడు.

ఆ తర్వాత నేను నిపుణుణ్ణయిపోయాను. ఇతర జిల్లాల రేంజి ఆఫీసర్లకి శిక్షణ తరగతులు పెట్టి నన్ను మాట్లాడమన్నారు. మొదటి తరగతిలో కాగితం చూసి చదివాను. రెండో తరగతిలో జోకులు వేశాను. మూడో తరగతికి తెర మీద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం వేయించాను: ‘నిలబడిన చెట్టు ఒక్కటి, పడుకున్న చెట్టు వెయ్యి.’ హాలంతా చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె వంకాయలు తరుగుతూ, ‘‘అలా అని మీకు నిజంగానే అనిపిస్తోందా?’’ అని అడిగింది. అప్పటికి అనిపిస్తోంది మరి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పుట్టగొడుగుకి ఆయుష్షు తక్కువ. వాన వెలిసి నాలుగు రోజులు ఎండ కాస్తే ముడుచుకుని నల్లబడి రాలిపోతుంది. ఒక నివేదికలో వేలకు వేల మొక్కలు, మరుసటి నివేదికలో మచ్చుకైనా ఒక్కటీ లేదు. హెడ్డాఫీసు నుంచి మెమో వచ్చింది. మీ రేంజిలో ఇంత అడవి ఒక్కసారిగా అంతరించుటకు కారణమేమి, ఏ స్మగ్లర్ల హస్తము కలదు, మీరు ఎవరిని అనుమానించుచున్నారు?

‘‘ఎండ మీద అనుమానంగా ఉందని రాసేయండి సార్’’ అన్నాడు దానయ్య.

రాయలేకపోయాను. ఎండకి చచ్చిపోయేవి చెట్లెలా అవుతాయని అడిగితే శాలువా వెనక్కివ్వాలి. ఆలోచిస్తుండగానే రెండో ఉత్తర్వు వచ్చింది. జాడ తెలియని ప్రతి మొక్కనూ అక్రమముగా నరకబడినదిగా భావించి, నేరస్థులను పట్టి కేసు పెట్టవలెనట. నరికినవాళ్లు దొరక్కపోతే రేంజి ఆఫీసరే కుమ్మక్కైనట్టట.

అలా, మళ్లీ నాలుగు చినుకులు పడ్డాక, మేము పెదగొంది అనే ఊరికి వెళ్లాం. కొండరెడ్ల ఊరు. ఆ ఊళ్లో పల్లాల సింగమ్మ అనే ఆవిడ ఇంటి ముందు నిలబడితే లోపల్నుంచి ఘుమఘుమలాడుతూ వాసన వస్తోంది. అల్లుడొచ్చాడట. పొయ్యి మీద సత్తుగిన్నె నిండా పుట్టగొడుగుల కూర కుతకుతా ఉడుకుతోంది.

నేను గొంతు సవరించుకున్నాను. ‘‘ఈ చెట్లు ఎక్కడ నరికావు?’’

సింగమ్మ నా వైపు, గిన్నె వైపు, మళ్లీ నా వైపు చూసింది. ‘‘ఏ చెట్లండి?’’

‘‘గిన్నెలో ఉన్నవి.’’

‘‘ఇయ్యి కొక్కులండి బాబూ. మానుల మీద మొలిసినియ్యి.’’ ఆ ఊళ్లో పుట్టగొడుగుల్ని కొక్కులంటారు.

‘‘ఎన్ని ఉంటాయి?’’

‘‘లెక్కెట్టి వండుతామేంటండి? ఓ గంపెడు.’’

దానయ్యకి చెప్పి రాయించాను: సుమారు ఒక గంపెడు వృక్షములను కూకటివేళ్లతో పెకలించి, ఉల్లిపాయలు, మిరపకాయలు చేర్చి నాశనము చేయుచుండగా పట్టుబడినది. అల్లుడు గోడవారన కూర్చుని వింటున్నాడు. అత్తగారి వైపు కొంచెం గౌరవంగా చూశాడు.

గిన్నెను సీజ్ చేయక తప్పదు. కూరతో సహా సీజ్ చేశాం. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న సింగమ్మ గిన్నె చెయ్యి దాటేసరికి మా జీపుకి అడ్డం వచ్చింది.

‘‘కేసు రాసుకోండి బాబూ, కాదనను. గిన్నెట్టుకుపోతే నేనేట్లో వండాలండి? అది మా అమ్మిచ్చిన గిన్నె.’’

‘‘కోర్టువారు తిరిగి ఇస్తారు.’’

‘‘కూరో?’’

జీపు పోనిచ్చాం.

రేంజి ఆఫీసుకి తెచ్చి గిన్నెని నా బల్ల మీద పెట్టి, మూతకి లక్కముద్ర వేయించబోయాను. వేడి మూత మీద లక్క నిలవలేదు. మూత తీసి చల్లారబెడదామన్నాడు దానయ్య. తీశాం. ఇద్దరం పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. దానయ్య నా వైపు చూడకుండా గోడ మీది పటం చూస్తూ, ‘‘రేపటికి పాసిపోద్దండి సార్. సాచ్చికం పాడైపోతే మన మీదకి వత్తాది’’ అన్నాడు.

‘‘అయితే ఏం చేద్దాం?’’

‘‘పాడవకముందే ఏదో ఒకటి సెయ్యాలండి.’’

హోటల్ నుంచి అన్నం తెప్పించాడు. మేము చేసినదేమిటో ఇక చెప్పనక్కర్లేదు. ఉప్పు సరిగ్గా సరిపోయింది. గిన్నె కడిగి, మూత పెట్టి, లక్కముద్ర చక్కగా వేశాం.

ఇది ఇలా ఉండగా కొత్త లక్ష్యాలు వచ్చాయి. మొదటి స్థానంలో ఉన్న రేంజి కాబట్టి మాకు రెట్టింపు చేశారు. ఆ ఏడాది తుఫాను రాలేదు. పాత మానులు పుచ్చిపోయి పొడైపోతున్నాయి. కూలిన చెట్లు చాలవని కన్జర్వేటరు గారికి విన్నవించాను. ఆయన దానికి ముందే సిద్ధంగా ఉన్నారు.

‘‘ఏనుగుమెట్ట మీద గల వృక్షములను ఆధార కాండములుగా సమీకరించవలెను’’ అన్నారు.

ఏనుగుమెట్ట పెదగొందికి పైన ఉంటుంది. మా రేంజి మొత్తం మీద ఎవరూ ముట్టని అడవి అదొక్కటే. ఊరికి మంచినీళ్లు దిగే వాగు కూడా అక్కడే పుడుతుంది.

‘‘సమీకరించడమంటే... నరకడమా సార్?’’

‘‘నరుకుట అను పదము మన పథకములో లేదు.’’

‘‘సార్, అడవి పెంచడానికి అడవి కొట్టడం...’’

‘‘వీరభద్రం గారూ, నిలబడిన చెట్టు ఒక్కటి, పడుకున్న చెట్టు వెయ్యి. ఈ సూత్రము ఎవరిది?’’

నాదే. తల వంచుకున్నాను. ఆయన కొంచెం మెత్తబడి, సింగమ్మ కేసు తేలేవరకూ ఆగమన్నారు. పుట్టగొడుగు చెట్టేనని కోర్టు ఒక్కసారి తీర్పిస్తే ఇక ఎవరూ వేలెత్తి చూపలేరని ఆయన లెక్క. ఈలోగా కొట్టాల్సిన చెట్లకి గుర్తులు పెట్టి ఉంచమన్నారు.

నేనూ దానయ్యా తెల్లరంగు డబ్బా పట్టుకుని ఏనుగుమెట్ట ఎక్కాం. మొదటి మద్దిచెట్టు దగ్గర దాని కొస ఎక్కడుందో చూద్దామని తలెత్తాను. టోపీ వెనక్కి పడిపోయింది గాని కొస కనిపించలేదు. బెరడు మొసలి వీపులా గరుకుగా ఉంది. అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగిలింది. కింద ఎక్కడో వాగు చప్పుడు వినిపిస్తోంది. ఈ పని నేను చేయనని బ్రష్షు విసిరేసి కొండ దిగిపోతే ఎలా ఉంటుందో కాసేపు ఊహించుకున్నాను. చాలా బాగుంది. తర్వాత గీత గీశాను. సాయంత్రానికి మెట్ట మీద పెద్ద చెట్లన్నింటికీ నా చేతి గీత పడింది. దానయ్య డబ్బా మోశాడే గాని బ్రష్షు పట్టుకోలేదు. అడిగితే చెయ్యి నొప్పన్నాడు.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఇంట్లో మా ఆవిడ ఏమైందని అడిగింది. చెట్ల సంగతి చెప్పాను. ‘‘మరి వద్దని రాయొచ్చుగా?’’ అంది. ఆ వాక్యం ఎలా మొదలుపెట్టాలో ఆలోచిస్తుండగానే కోర్టు వాయిదా వచ్చేసింది.

మేజిస్ట్రేటు తటవర్తి హైమవతి గారు. వయసులో చిన్నావిడ. కేసు కాగితాలు రెండుసార్లు చదివి, సరైన కాగితాలే ఇచ్చారా అని గుమస్తాని అడిగారు. సింగమ్మ బోనులో నిలబడి, బల్ల మీదున్న గిన్నెనే చూస్తోంది. వెనక బెంచీ మీద కన్జర్వేటరు గారు తీర్పు వినడానికి స్వయంగా వచ్చి కూర్చున్నారు.

ముందు దానయ్యని పిలిచారు.

‘‘ఈ గిన్నెలో ఉన్న చెట్లను నువ్వు చూశావా?’’ అన్నాడు ప్రభుత్వ వకీలు.

‘‘చూశానండి.’’

మేజిస్ట్రేటు గారు ముద్ర విప్పించి మూత తీయించారు. గిన్నె అద్దంలా మెరుస్తోంది.

‘‘ఇందులో ఏమీ లేవు. సీజ్ చేసిన చెట్లు ఏమయ్యాయి?’’

దానయ్య నా వైపు చూశాడు. నేను పైన తిరుగుతున్న ఫ్యాను చూశాను. అతను ప్రమాణం చేసిన మనిషి. ‘‘పాసిపోతాయని... సారూ నేనూ తినేశామండి’’ అన్నాడు.

కోర్టులో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత నయంగా ఉండేది. బోనులోంచి సింగమ్మ అడిగింది. ‘‘ఉప్పు సరిపోయిందా బాబూ?’’

‘‘సరిపోయిందమ్మా’’ అన్నాడు దానయ్య.

తర్వాత నన్ను పిలిచారు. మేజిస్ట్రేటు గారు కలం పక్కన పెట్టి నన్నే సూటిగా చూశారు.

‘‘వీరభద్రం గారూ, ఆలోచించుకుని చెప్పండి. ఆ గిన్నెలో ఉన్నవి చెట్లయితే ఈవిడ వాటిని పెకలించింది. ఈవిడకి శిక్ష తప్పదు. అయితే ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న చెట్లని మీరూ మీ గార్డూ అన్నంలో కలుపుకుని తిన్నారు. అది అంతకన్నా పెద్ద నేరం. ఇప్పుడు చెప్పండి. ఏమిటవి?’’

వెనక బెంచీ నుంచి కన్జర్వేటరు గారి దగ్గు వినిపించింది. ఆ దగ్గుకి అర్థం నాకు తెలుసు. ‘చెట్లే’ అంటే ఏనుగుమెట్ట పడిపోతుంది, సింగమ్మతో పాటు నేనూ జైలుకి పోతాను. ‘కావు’ అంటే నా శాలువా, నా సూత్రం, నా ఉద్యోగం పోతాయి. ఆ క్షణంలో నేను మెట్ట గురించి ఆలోచించానని, వాగు గురించి ఆలోచించానని చెప్పుకోవాలని ఉంది. ఆలోచించిన మాట నిజమే. కాని ముందు జైలు గురించి ఆలోచించాను.

‘‘కూరండి’’ అన్నాను.

‘‘గట్టిగా చెప్పండి.’’

‘‘కూరండి. పుట్టగొడుగుల కూర. అవి చెట్లు కావు. ఎప్పుడూ కావు. మేము రాసిన లెక్కల్లో కూడా కావు.’’

ఆఖరి ముక్క ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. జైలు తప్పించుకోవడానికి అది అవసరం లేదు. మేజిస్ట్రేటు గారు కలం తీసి రాసుకుంటూ, ‘‘ఇది కూడా రాస్తున్నాను’’ అన్నారు. ‘‘రాయండి’’ అన్నాను. కేసు కొట్టేశారు. గిన్నె సింగమ్మ చేతికొచ్చింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, అడుగు తట్టి చూసుకుని, బస్సెక్కి వెళ్లిపోయింది.

కోర్టు మెట్ల మీద కన్జర్వేటరు గారు నన్ను ఆపారు. జీవో భాష రాలేదు ఆయనకి ఆ రోజు. ‘‘ఎంత పని చేశావయ్యా’’ అన్నారు అంతే. ఆయన మొహం చూస్తే నాకే జాలి వేసింది. పెద్ద పదం వెనక దాక్కోవడం ఇద్దరికీ అలవాటే. నా ముసుగు ముందుగా ఊడింది.

నన్ను డిస్మిస్ చేస్తారనుకున్నాను. చేయలేకపోయారు. పుట్టగొడుగు చెట్టు కాదంటే నా ఒక్కడి లెక్కే కాదు, అందరి లెక్కలూ తప్పు. సంతకాలు పెట్టినవాళ్లు, శాలువాలు కప్పినవాళ్లు, రాష్ట్రంలో పచ్చదనం పెరిగిందని సభల్లో చెప్పినవాళ్లు, అందరూ నా పక్కనే నిలబడాలి. పోనీ చెట్టేనందామంటే కోర్టు తీర్పు ఎదురుగా ఉంది. అందుకని మధ్యేమార్గంగా ఒక ఫైలు తెరిచారు. ‘పుట్టగొడుగు చెట్టగునా కాదా అను విషయముపై స్పష్టత కోరుట.’ ఆ స్పష్టత వచ్చేవరకూ పథకం కింద ఎక్కడా ఎవరూ ఏ పనీ చేయరాదు. ఏనుగుమెట్ట మీద చెట్లు తెల్లగీతలతో అలాగే నిలబడి ఉన్నాయి.

నాకు మాత్రం శిక్ష పడింది. అడవి నుంచి తప్పించి హెడ్డాఫీసులో ఒక మూల గదిలో కూర్చోబెట్టారు. గది తలుపు మీద ‘స్పష్టతల విభాగం’ అని రాసి ఉంది. జిల్లాల నుంచి వచ్చే సందేహాలకి అక్కడ జవాబు తయారు చేయాలి. విభాగంలో నేనొక్కడినే. మొదటి వారంలోనే అటెండరు ఒక లావుపాటి ఫైలు తెచ్చి బల్ల మీద పడేశాడు. అట్ట మీద పేరు చదివాను. నన్ను ఇక్కడికి వేసినవాళ్లకి ఈ ఫైలు ఇక్కడికే వస్తుందన్న ఆలోచన తట్టినట్టు లేదు.

విప్పి మొత్తం చదివాను. చివరి పేజీలో జవాబు రాయడానికి ఖాళీ ఉంది. కలం మూత తీశాను. అవునని రాస్తే గొడ్డళ్లు లేస్తాయి. కాదని రాస్తే వీళ్లంతా కలిసి ఇంకో నిర్వచనం కనిపెడతారు, ఈసారి నాచో పాచో చెట్టవుతుంది. నా సర్వీసులో మొట్టమొదటిసారి ఏం చేయాలో నాకు స్పష్టంగా తెలిసింది. కలం మూత పెట్టేశాను.

అక్కడి కుర్చీ బల్లకి బాగా పల్లంగా ఉంటుంది. ఫైలు మూసి, కుర్చీలో వేసుకుని, దాని మీద కూర్చున్నాను. ఎత్తు సరిపోయింది.

హెడ్డాఫీసు వాళ్లు అడపాదడపా ఫోను చేసి ఆ స్పష్టత సంగతి ఏమైందని అడుగుతుంటారు. పరిశీలనలో ఉందంటాను. అబద్ధం కాదు, రోజంతా దాన్ని వదిలి లేవను. మొన్న అటెండరు నా అవస్థ చూసి, ‘‘దిండు తెప్పించమంటారా సార్?’’ అని అడిగాడు.

‘‘వద్దయ్యా’’ అన్నాను. ‘‘నేను రిటైరయ్యేదాకా ఇదే ఉండనీ.’’